విమానం ఎందుకు పడిపోదు?

(ఆదివారం ఉదయం మా ఊరి తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



పోయినవారం ఈ కార్యక్రమంలో ఒక డాక్టరుగారు షుగరు వ్యాధి గురించి చక్కగా చెప్పారు. ఈ వారం నా వంతు. "మీకు బాగా తెలిసిన విషయం ఏదైనా మాట్లాడండి" అన్నారు నిర్వాహకులు. నాకు బాగా తెలిసింది డేటాబేసులు. ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు తింటూ డేటాబేసుల గురించి వినమంటే మీరు రేడియో కట్టేస్తారు. అందుకని నేను చేసే ఉద్యోగం పక్కన పెట్టి, చదివిన చదువు గురించి మాట్లాడతాను. ఈ రెండూ వేరు కావడం మన వాళ్ళలో కొత్తేమీ కాదు కదా.

నేను ఏరోస్పేస్ ఇంజనీరింగులో ఎమ్మెస్ చేశాను. 2012లో పట్టా చేతికొచ్చింది. కాలేజీలో ఉద్యోగాల సంతకి విమానాల కంపెనీలు వచ్చేవి. బల్ల ముందు నిలబడి నా థీసిస్ గురించి ఉత్సాహంగా చెప్పబోతుంటే, మొదటి ప్రశ్నే "మీరు అమెరికా పౌరులా? గ్రీన్ కార్డుందా?" అని. రక్షణ రంగానికి సంబంధించిన సాంకేతిక విషయాలు బయటివాళ్ళకి తెలియకూడదని ఇక్కడ ఐటార్ అనే నిబంధన ఉంది. వాళ్ళ తప్పేమీ లేదు. రెజ్యూమే మర్యాదగా తీసుకుని పక్కన పెట్టేవారు. ఆర్నెల్లు తిరిగి, అందరి దారే నా దారి అనుకుని ఐటీలోకి వచ్చేశాను.

తమాషా ఏమిటంటే, నా మొదటి క్లయింటు ఒక విమానయాన సంస్థే. నా పని ఏ పెట్టె ఏ ఊళ్ళో తప్పిపోయిందో లెక్కలు తీసే రిపోర్టులు రాయడం. ఫోన్లో నాన్నగారికి "విమానాల కంపెనీలో పనండీ" అన్నాను. అది అబద్ధం కాదు, అలా అని నిజమూ కాదు. ఆయన తణుకులో కనపడినవాళ్ళందరికీ "మావాడు అమెరికాలో విమానాలు తయారుచేస్తాడు" అని చెప్పుకున్నారు. ఇవాళ కాకపోతే రేపు సరిదిద్దుదాం అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి. 2019లో నాన్నగారు పోయారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2025 నవంబరులో మా ఇంట్లో పురుడు. అమ్మ అక్టోబరులో రావాలని మే నెలలోనే టిక్కెట్టు కొన్నాం. జూన్ 12న అహ్మదాబాదులో విమానం కూలిపోయింది. రెండు రోజులు టీవీ చూసి అమ్మ ఫోన్ చేసింది. "నేను రానురా, నన్ను క్షమించు" అంది. అసలు అంతకు ముందునుంచే ఆవిడకి భయం. ఎప్పుడో కాశీ వెళ్ళొస్తున్నప్పుడు ఢిల్లీ నుంచి హైదరాబాదు విమానం బాగా కుదిపేసింది. అప్పటినుంచీ విమానం పేరెత్తితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

నేను ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఒకరోజు, "నువ్వు అవి చేసేవాడివే కదా. అంత ఇనుము గాల్లో ఎలా నిలబడుతుందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. అర్థమైతే ఎక్కుతా" అంది.

సరే అని మనందరం బడిలో చదువుకున్న జవాబే అప్పజెప్పాను. రెక్క పైభాగం ఉబ్బుగా ఉంటుంది, అడుగు చదునుగా ఉంటుంది. ఎదురొచ్చిన గాలి రెండుగా చీలుతుంది. పైనుంచి వెళ్ళే గాలికి దూరం ఎక్కువ. వెనక అంచు దగ్గర కింది గాలిని కలుసుకోవాలి కాబట్టి అది వేగంగా పరిగెడుతుంది. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది. అందుకని రెక్క పైకి లేస్తుంది.

అమ్మ కాసేపు ఆలోచించి, "కలుసుకోవాలని ఎవరన్నారు? అవేమన్నా మొగుడూ పెళ్ళాలా?" అంది.

మీరు నవ్వుతున్నారు గానీ, నేను ఎమ్మెస్‌కి వచ్చి గాలి సొరంగంలో పొగ వదిలి చూసేదాకా నాకు ఈ ప్రశ్న తట్టలేదు. నిజంగానే ఆ రెండు గాలులూ కలుసుకోవు. పైనుంచి వెళ్ళిన గాలి ముందుగా చేరిపోతుంది, కింది గాలి వెనకబడుతుంది. కేంబ్రిడ్జిలో హోల్గర్ బాబిన్‌స్కీ అనే ప్రొఫెసరు పొగని ముక్కలు ముక్కలుగా వదిలి దీన్ని వీడియో తీసి చూపించారు. అసలు ఆ పాఠమే నిజమైతే చదునైన కాగితం విమానం ఎగరకూడదు, విన్యాసాల విమానాలు తలకిందులుగా ఎగరకూడదు. పిల్లలున్న శ్రోతలు ఇది గమనించండి. చాలా పుస్తకాల్లో ఇంకా ఆ జవాబే ఉంది. పరీక్షలో ఏం రాయాలో మీ ఇష్టం.

మరి నిజం ఏమిటి? అమ్మని గరిటె తీసుకుని వంటింటి కుళాయి దగ్గరకి వెళ్ళమన్నాను. సన్నగా ధార వదిలి, గరిటెని కాడ చివర వదులుగా పట్టుకుని, దాని ఉబ్బు వైపు ధారకి తాకించమన్నాను. నీళ్ళు గరిటెని అవతలికి నెట్టేస్తాయనుకుంటాం. కానీ గరిటె ధారలోకే లాక్కుపోతుంది. ధార కూడా తిన్నగా పడక, గరిటె ఒంపుని పట్టుకుని పక్కకి తిరుగుతుంది. గరిటె నీళ్ళని ఒకవైపు తిప్పింది, నీళ్ళు గరిటెని రెండోవైపు లాగాయి. న్యూటన్ గారి మూడో సూత్రం అదే. విమానం రెక్క కూడా ఇదే పని చేస్తుంది. గాలిని టన్నులకొద్దీ కిందికి తిప్పుతుంది, గాలి రెక్కని పైకి నెడుతుంది.

"మరి ఒత్తిడి మాటేమిటి?" అంటారా. గ్లాసులో కాఫీ గిరగిరా కలపండి. మధ్యలో గుంట పడుతుంది, అంచున కాఫీ పైకి లేస్తుంది. తిరిగే ప్రవాహంలో ఎప్పుడూ లోపలివైపు ఒత్తిడి తక్కువ, బయటివైపు ఎక్కువ. రెక్క మీదుగా వంపు తిరిగే గాలికి లోపలివైపు ఉన్నది రెక్కే. అందుకని రెక్క పైన ఒత్తిడి తక్కువ. ఒత్తిడి తక్కువున్న చోటికి గాలి వేగంగా వస్తుంది, బెర్నూలీ చెప్పింది అదే. కొందరు న్యూటన్ అనీ, కొందరు బెర్నూలీ అనీ వాదించుకుంటారు. నా దృష్టిలో అది దండగ వాదన. ఒకే సంగతిని ఇద్దరూ రెండు వైపులనుంచి చెప్పారు, అంతే.

ఇక లెక్కలు. అమ్మ ఎక్కాల్సిన రెండు విమానాల్లో ఒకటి బోయింగ్ 777-300 ఈఆర్. నిండుగా బయల్దేరితే దాదాపు 350 టన్నులు. నిండు బస్సు 16 టన్నులనుకుంటే, సుమారు ఇరవైరెండు బస్సులు. వినడానికే గుండె జారుతుంది. అయితే రెక్కల వైశాల్యం చూడండి. సుమారు 430 చదరపు మీటర్లు. మీటర్లంటే అమ్మకి పట్టదు. స్థలాల లెక్కలో చెప్పాను, ఐదువందల గజాల పైచిలుకు. అది ఆవిడకి వెంటనే అర్థమైంది, "మన పాత ఇల్లు కంటే పెద్దది" అంది. 350 టన్నుల్ని దాని మీద పరిస్తే గజానికి 700 కిలోల లోపే. నేలమీద మనచుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు గజం మీదా ఎప్పుడూ ఎనిమిదిన్నర టన్నుల బరువుతో ఒత్తుతూనే ఉంటుంది. అన్ని వైపులనుంచీ సమానంగా ఒత్తుతుంది కాబట్టి మనకి తెలియదు. ఆ ఎనిమిదిన్నర టన్నుల్లో కిందకీ పైకీ పన్నెండో వంతు తేడా తెస్తే చాలు, ఇరవైరెండు బస్సులూ గాల్లోకి లేస్తాయి.

ఆ తేడా తేవడానికి వేగం కావాలి. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలవుతుంది, వర్గం లెక్కన పెరుగుతుందన్నమాట. అందుకే లేవడానికి గంటకి 300 కిలోమీటర్ల దరిదాపుల్లో పరిగెత్తాలి. దిగేటప్పుడు నెమ్మదిగా రావాలి, అప్పుడు బలం చాలదు. అందుకని రెక్క వెనక రేకులు బయటికి జరిగి కిందికి వంగుతాయి. ఫ్లాప్స్ అంటారు. రెక్క పెద్దదీ అవుతుంది, వంపూ పెరుగుతుంది. ఆ గరగరమనే చప్పుడుకి మనలో చాలామంది ఉలిక్కిపడతారు. అది మోటారు రేకుల్ని జరుపుతున్న చప్పుడు.

వంపుతో పాటు ముఖ్యమైనది ఇంకోటుంది. రెక్క గాలికి ఎంత వాలుగా నిలబడిందీ అన్నది. చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో, "చేతులు బయట పెట్టరాదు" అన్న అక్షరాల కిందే కూర్చుని అరచెయ్యి బయట పెట్టినవాళ్ళకి ఇది తెలుసు. చెయ్యి చదునుగా పెడితే ఏమీ లేదు. ముందు అంచు కాస్త ఎత్తితే చెయ్యి పైకి లేస్తుంది. ఇంకా ఎత్తితే ఇంకా లేస్తుంది. మరీ నిటారుగా పెడితే లేవడం మానేసి వెనక్కి కొట్టుకుంటుంది.

నాకు దీన్ని మొదట నేర్పింది మా నాన్నగారు, బస్సులో కాదు, సంక్రాంతికి. గాలిపటానికి సూత్రం కట్టడం ఆయనకి బాగా వచ్చు. పైనుంచి ఒక దారం, కిందనుంచి ఒక దారం తెచ్చి, వేళ్ళతో కొలిచి ముడి వేసేవారు. పై దారం మరీ పొట్టిదైతే గాలిపటం గాలిలో పడుకుని ఊగులాడి ముక్కు దించేస్తుంది. కింది దారం పొట్టిదైతే గాలికి అడ్డంగా నిలబడి వెనక్కి లాగుతుందే తప్ప పైకి పోదు. రెండువేళ్ళ తేడాలో సంగతంతా ఉంది. నేను అమెరికా వచ్చి రెండేళ్ళు చదివిన వాలుకోణం ఆ ముడే. అమ్మకి ఇది చెప్పినప్పుడు కాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు.

మామూలు రెక్కకి ఆ కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క ఒంపుని పట్టుకోలేక విడిపోతుంది. ఎత్తే బలం తగ్గిపోతుంది. దీన్ని స్టాల్ అంటారు. కారు స్టాల్ అయినట్టు ఇంజను ఆగిపోవడమని చాలామంది పొరబడతారు, ఇంజనుకీ దీనికీ సంబంధం లేదు. బయటపడే మార్గం ముక్కు కిందికి దించడం. పడిపోతున్నామనిపించినప్పుడు ఇంకా కిందికి దించాలంటే మనసొప్పదు, అందుకే పైలట్లకి దాన్ని మొదట్లోనే నేర్పి, చేతికి అలవాటయ్యేదాకా చేయిస్తారు.

ఇక్కడ రైట్ సోదరుల గురించి ఒక్క మాట. డేటన్‌లో సైకిళ్ళ కొట్టు నడుపుకునే ఆ అన్నదమ్ములు 1901లో చేసిన గ్లైడరు వాళ్ళ లెక్క ప్రకారం లేవాల్సినంత లేవలేదు. వాళ్ళు వాడిన గుణకం 0.005. అది అంతకు నూరేళ్ళ ముందునుంచీ పుస్తకాల్లో ఉన్నదే. అసలు విలువ 0.0033 దగ్గర ఉండాలని వాళ్ళే తేల్చారు. ఆరడుగుల చెక్కపెట్టెతో గాలి సొరంగం చేసుకుని, రేకుతో చిన్న చిన్న రెక్కలు రెండువందల దాకా చేసి పరీక్షించారు. 1903 డిసెంబరు 17న వాళ్ళు మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. అమ్మ ఎక్కే విమానానికి ఈ రెక్క చివరనుంచి ఆ రెక్క చివరకి 212 అడుగులు.

"ఇంజను ఆగిపోతే?" ఇది అమ్మ అసలు ప్రశ్న. మీ అందరిదీ కూడా అనుకుంటాను.

విమానాన్ని ఇంజన్లు పైకి ఎత్తి పట్టుకుంటాయని మన ఊహ. కాదు. ఆ 777 ఇంజను ఒక్కొక్కటీ పూర్తి బలంతో 52 టన్నుల తోపు ఇస్తుంది. రెండూ కలిపి 104. విమానం 350. మూడో వంతు కూడా లేదు, అది ఎత్తేదేమిటి? ఇంజను పని ముందుకు నెట్టడం, గాలి వెనక్కి ఈడ్చే ఈడ్పుని తట్టుకోవడం. ఎత్తేది రెక్క. ఇంజన్లు ఆగితే విమానం రాయిలా పడదు, జారుడుబల్ల మీద జారినట్టు జారుతుంది. ఒక కిలోమీటరు దిగడానికి సుమారు 17 కిలోమీటర్లు ముందుకెళుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున హైదరాబాదు మీద రెండు ఇంజన్లూ ఆగితే, సూర్యాపేట దాటి కోదాడ దాకా వెళ్ళొచ్చు.

ఇది పుస్తకాల మాట కాదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళుతూ 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. కెనడా అప్పుడే పౌన్లనుంచి కిలోలకి మారుతోంది. విమానంలో ఇంధనం కొలిచే మీటరు పనిచెయ్యక, పుల్ల ముంచి లీటర్లు కొలిచి చేత్తో లెక్క వేశారు. లీటరుకి 0.8 కిలోలని గుణించాల్సింది పోయి, అలవాటు ప్రకారం 1.77 పౌన్లతో గుణించారు. 22,300 కిలోలు కావాలి, ఉన్నది 22,300 పౌన్లు. సగం కంటే తక్కువ! రాత్రింబవళ్ళు కోడు రాసే మిత్రులారా, అంకె సరిగ్గానే ఉంది, యూనిట్లే తప్పు. ఈ తప్పు మనం ఎన్నిసార్లు చెయ్యలేదు?

కెప్టెన్ బాబ్ పియర్సన్ సరదాగా గ్లైడర్లు నడిపే మనిషి. ఇంజన్లు ఆగగానే పొట్టకిందనుంచి ఒక చిన్న పంకా బయటికొచ్చి, ఎదురుగాలికి తిరిగి, విమానాన్ని తిప్పడానికి కావలసినంత శక్తి ఇచ్చింది. గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం ఉంది, దాన్ని కార్ల పందాలకి వాడుతున్నారు, ఆ రోజు పందాలు జరుగుతున్నాయి కూడా. అక్కడ దింపారు. 69 మందీ బతికారు. ఆ విమానాన్ని బాగుచేసి 2008 దాకా నడిపారు. 2001లో అట్లాంటిక్ మీద ఎయిర్ ట్రాన్సాట్ వారి ఎయిర్‌బస్ ఇంధనం కారిపోయి, 306 మందితో సుమారు 120 కిలోమీటర్లు ఇంజన్లు లేకుండా జారి అజోర్స్ దీవుల్లో దిగింది. అందరూ క్షేమం.

"మరి అహ్మదాబాదులో?" అంది అమ్మ.

దీనికి తేలిక జవాబు చెప్పి తప్పించుకోదలచుకోలేదు. జారడానికి ఎత్తు కావాలి. ఎత్తు అంటే బ్యాంకులో డబ్బు లాంటిది. పది కిలోమీటర్ల ఎత్తుంటే ఆలోచించుకునే టైముంటుంది. 2009లో న్యూయార్కులో పక్షులు తగిలిన విమానానికి దాదాపు 3,000 అడుగులుండేవి. హడ్సన్ నదిలో దింపారు, 155 మందీ బతికారు. అహ్మదాబాదు విమానానికి ఉన్నది కొన్ని వందల అడుగులే. గాల్లోకి లేచిన క్షణాల్లోనే రెండు ఇంజన్లకీ ఇంధనం ఇచ్చే స్విచ్చులు ఒక సెకను తేడాలో ఆపే స్థానానికి మారాయని 2025 జూలైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎందుకు మారాయో అందులో తేల్చలేదు. ఆ చిన్న పంకా అప్పుడు కూడా బయటికొచ్చింది. కానీ ఖర్చుపెట్టడానికి ఎత్తు లేదు. విమానంలో 241 మంది, నేలమీద 19 మంది పోయారు. "రెక్కలు తప్పు చెయ్యలేదమ్మా, వాటికి టైము లేదు" అన్నాను. నేను తియ్యగా అబద్ధం చెప్పి ఉంటే ఆవిడ వచ్చేది కాదనుకుంటాను.

కుదుపుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలు కుదుపులో విమానం పైకీ కిందకీ పోయేది మహా అయితే కొన్ని పదుల అడుగులు. మన కడుపుకి అది వందలుగా తెలుస్తుంది. రెక్కలు ఊగడానికే చేశారు. 1995లో 777 రెక్కల్ని విరిగేదాకా వంచి చూశారు. విమానం జీవితంలో ఎదుర్కోగలదనుకునే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలని నిబంధన. అవి 24 అడుగులు పైకి వంగి, 154 శాతం దగ్గర విరిగాయి. 2024 మేలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి 777 పెద్ద కుదుపులో పడి ఐదు సెకన్ల లోపు 178 అడుగులు దిగింది. ఒకాయన చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. బెల్టు పెట్టుకోనివాళ్ళు పైకప్పుకి కొట్టుకున్నారు. విమానం మాత్రం బాంకాక్‌లో మామూలుగా దిగింది. బెల్టు దీపం ఆరినా బెల్టు తియ్యొద్దని అమ్మకి చెప్పాను, మీకూ చెబుతున్నాను.

ఇంతా చెప్పాక, ఆగస్టులో ఒక రాత్రి ఆవిడ "సరే, నువ్వు చేసిన విమానమే కదా, ఎక్కుతాలే" అంది.

అప్పుడు చెప్పేశాను. నేను విమానాలు చెయ్యననీ, ఎప్పుడూ చెయ్యలేదనీ, తప్పిపోయిన పెట్టెల లెక్కలు రాసేవాడిననీ, నాన్నగారికి చెప్పలేకపోయాననీ. గుండె దడదడలాడింది. టిక్కెట్టు మళ్ళీ రద్దవుతుందనే అనుకున్నాను.

"పెట్టెల లెక్కా?" అంది. కాసేపాగి, "అయితే నా పెట్టె పోకుండా చూడు. ఆవకాయ ఉంటుంది" అంది. నాన్నగారి మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అక్టోబరులో వచ్చింది. రెండు విమానాల్లోనూ కిటికీ సీటు అడిగిమరీ కూర్చుందట. ఎయిర్‌పోర్టులో నన్ను చూడగానే కళ్ళు తుడుచుకుంటూనే, "నువ్వు చెప్పిన వెనక రేకులు చూశానురా. కానీ నేలకి తగిలాక రెక్క పైన ఇంకేవో రేకులు టకటకా నిలబడ్డాయి. అవి చెప్పలేదేం?" అని అడిగింది. అవి స్పాయిలర్లు. చక్రాలు నేలని తాకినా రెక్క ఇంకా ఎత్తుతూనే ఉంటుంది. అప్పుడు బరువు చక్రాల మీద పడదు, బ్రేకులు పట్టవు. ఆ రేకులు లేచి రెక్క పైన గాలిని చెడగొడతాయి, బరువంతా చక్రాలమీదకి దిగుతుంది. పెట్టెలు తిరిగే బెల్టు దగ్గర నిలబడి ఇది చెబుతూ ఉండగానే బెల్టు ఆగిపోయింది. రెండు పెట్టెల్లో ఒకటే వచ్చింది.

ఫారం నింపాను. ఆ ఫారంలోని గడులన్నీ నాకు కొట్టినపిండి. పెట్టె మూడోరోజు ఇంటికొచ్చింది, ఆవకాయ చుక్క కారలేదు.

సెలవు.